గాలికి తగిన ఇంధనము



కమ్మరి కొలిమి నెరుగని పెద్దలు మీలో నుండరు. తిత్తి యొత్తినకొలది గాలి వీచును. గాలి వీచినకొలది బొగ్గు రాజుకొనును. కాని నేర్పరియైన కమ్మరి తిత్తి నొక్కదానినే నమ్ముకొని పని చేయడు. గాలి మిక్కుటమై బొగ్గు చాలకున్న ఇనుము మాడి పొలుసు లేచి పాడగును. బొగ్గు మిక్కుటమై గాలి చాలకున్న పొగయే గాని వేడిమి పుట్టదు. ఈ రెంటి నడుమనుండు పొందికను అతడు నిప్పు రంగును బట్టి కనిపెట్టును. కంటితో కొలిచి చేతితో దిద్దును.

నేటి మోటారు కార్లలో అనేకములకు టర్బోచార్జరు అను గాలితిత్తి అమర్పబడి యున్నది. ఆ తిత్తి విసరు గాలికి తగినంత పెట్రోలును కొలిచి పోయు పని కారులోని కంప్యూటరుది. తిత్తికి పేటెంటు పుట్టినది 1905లో. పెట్రోలు కారులో దానికి తగిన కొలగాడు దొరకుటకు మరి డెబ్బది యైదేండ్లు పట్టెను. బలము ముందు వచ్చి కొలత వెనుక వచ్చిన ఈ చరిత్రమును, ఆ కొలత జరుగు విధమును, ఆ కొలగాని నెంతవరకు నమ్మవచ్చునో ఆ సంగతిని ఇపుడు మనవి చేసెదను.

మొదట ఇంజను లోపలి సంగతి. పెట్రోలు ఇంజనులో మండునది పెట్రోలే గదా యని మనము తలంతుము. నిజమునకు అందు గాలి వంతే మిక్కిలి యెక్కువ. ఒక కిలో పెట్రోలు సరిగా కాలుటకు 14.7 కిలోల గాలి కావలెను. లీటర్లలో చెప్పవలెనన్న అది పన్నెండువేల లీటర్ల గాలి. కావున ఇంజను బలమునకు హద్దు పెట్టునది పెట్రోలు కాదు, గాలియే. పెట్రోలును ఎంతయైనను పోయవచ్చును. గాలి మాత్రము పిస్టను క్రిందికి దిగునపుడు పీల్చుకొన్నంతయే లోనికి వచ్చును.

ఈ హద్దును దాటు దారిని స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి కనిపెట్టెను. ఇంజనునుండి వెలికిపోవు పొగలో వేడిమియు వేగమును చాల వ్యర్థమగుచున్నవి. ఆ పొగ దారిలో రెక్కల చక్రము నొకదానిని నిలిపినచో పొగ తాకిడికి అది గిరగిర తిరుగును. అదే ఇరుసుకు రెండవ కొనయందు మరియొక చక్రమును బిగించినచో అది బయటి గాలిని ఒత్తి సిలిండరులోనికి నెట్టును. పారవేయబడు పొగతోనే తిత్తి నూదించు ఈ ఉపాయమునకు బ్యూకి 1905లో పేటెంటు పొందెను. మనము టర్బో యనునది ఇదియే. నేటి టర్బో చక్రములు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును.

దీని మహిమను లోకమునకు చూపినవాడు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్. కొండ యెక్కినకొలది గాలి పలుచనగును; విమానపు ఇంజనులు ఎత్తున నీరసించుటకు కారణ మదియే. మాస్ 1918లో లిబర్టీ యను విమానపు ఇంజనును కొలరాడో రాష్ట్రములోని పైక్స్ శిఖరము మీదికి, పదునాలుగువేల అడుగుల యెత్తునకు చేర్చి పరీక్షించెను. నేలమీద 350 అశ్వబలము చూపిన ఆ యంత్రము కొండపై 230కి దిగజారెను. టర్బో తగిలించినంతనే 356 చూపెను. పలుచని గాలిని టర్బో చిక్కబరచి యిచ్చెనన్నమాట.

డీజిలు ఇంజనులకును టర్బో త్వరగానే అబ్బెను. 1920 తరువాతి పదేండ్లలోనే ఓడల ఇంజనులకు దానిని తగిలించిరి. డీజిలు ఇంజనులో గాలిని ముందుగా గట్టిగా ఒత్తి, ఆ వేడిమిలోనికి నూనెను చిమ్ముదురు. నూనె చిమ్మినపుడే మంట. గాలి కొంత మిగిలినను కీడు లేదు. పెట్రోలు ఇంజను తీరు వేరు. అందు గాలియు పెట్రోలును ముందే కలిసి, స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ కొరకు వేచియుండును. గాలి నధికముగా ఒత్తినచో ఆ మిశ్రమము మితిమీరి వేడెక్కి, మంట చేరకమునుపే ఒక మూల తనంత తాను భగ్గుమనును. పిస్టనును సమ్మెటతో మోదినట్లు లోపల చప్పుడు వినబడును. మెకానిక్కులు దీనిని నాకింగ్ అందురు. కొలది సేపు సాగినను పిస్టను కరగి పగులును. పెట్రోలు తక్కువపడినకొలది ఈ ప్రమాదము హెచ్చును. కాబట్టి పెట్రోలు ఇంజనుకు టర్బో తగిలించుట యన్న, కొలత తప్పినచో ప్రాణము తీయు మందును సేవించుట వంటిది.

విమానములో ఈ పొందికను చూచుకొనుటకు శిక్షణ పొందిన మనుష్యుడు, వాని చేతిలో మిశ్రమమును దిద్దు మీటయు నుండెను. కారు నడపు గృహస్థునకు ఆ తీరిక యెక్కడిది? అతనికి పెట్రోలు కొలిచి యిచ్చునది కార్బ్యురేటరు. ఇరుకు గొంతుగుండ గాలి పరుగెత్తునపుడు అచ్చట ఒత్తిడి తగ్గి, సన్నని రంధ్రమునుండి పెట్రోలు పైకి పీల్చబడును. చౌకయైన, తెలివైన సాధనము. కాని అది యెరుగునది గాలి పరుగునే గాని గాలి బరువును కాదు. టర్బో వచ్చి అదే చోటులో రెట్టింపు గాలిని కూరినపుడు, ఆ గాలి వేడెక్కినపుడు, దాని లెక్క తప్పును.

ఈ చిక్కు 1962లో బయటపడెను. ఆ యేట అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ అను రెండు టర్బో కార్లు ప్రజలకు అమ్మకమునకు వచ్చెను. జెట్‌ఫైర్ ఇంజను మూడున్నర లీటర్లది, 215 అశ్వబలముది. నాకింగును అణచుటకు దాని కర్తలు కార్బ్యురేటరు నొక్కదానినే నమ్మలేకపోయిరి. శుద్ధజలమును మిథైల్ ఆల్కహాలును సగము సగముగా కలిపిన ద్రవమును వేరొక తొట్టిలో నుంచి, ఒత్తిడి పెరిగినపుడు దానిని ఇంజనులోనికి చిమ్మించిరి. తొట్టి ఎండినచో టర్బో ఒత్తిడిని తగ్గించు కవాటమును అమర్చిరి. యుక్తి చక్కనిదే, కాని తొట్టి నింపు భారము యజమానిపై పడెను. అనేకులు నింపక మరచిరి. కారు చతికిలబడెను. రెండేండ్లకే ఆ కారు తయారీ నిలిచిపోయెను. అచ్చట టర్బోకు బలము చాలకపోవుట కాదు. కొలిచి కావలి కాయువాడు లేకపోవుటయే లోటు.

ఆ కొలగాడు మెల్లగా పుట్టుచుండెను. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో ఎలక్ట్రోజెక్టర్ అను సాధనమును ప్రకటించెను. విద్యుత్తుతో తెరచుకొని మూసుకొను చిన్న చిమ్ముగొట్టములు, అనగా ఇంజెక్టర్లు, ఎంతసేపు తెరచియుండవలెనో ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించునట్లు దానిని చేసిరి. ఆనాటి విద్యుత్ పరికరములు వేడికి, తేమకు ఆగలేక అది విఫలమయ్యెను. ఆ భావమును జర్మనీలోని బాష్ సంస్థ అందుకొనెను. అంతలో ట్రాన్సిస్టర్లు చౌకయయ్యెను; కాలిఫోర్నియా రాష్ట్రము కార్ల పొగపై కఠినమైన శాసనములు చేసెను. 1967లో బాష్ వారి డి-జెట్రోనిక్ ఫోక్స్‌వాగెన్ 1600 కారులో వచ్చెను. డి యన్న జర్మను భాషలో ఒత్తిడికి మొదటి అక్షరము. ఇంజను పీల్చు గొట్టములోని ఒత్తిడిని కొలిచి, దానినిబట్టి గాలి యెంత యున్నదో ఊహించి, పెట్రోలు నిచ్చు పద్ధతి యది. 1973 ప్రాంతమున వచ్చిన ఎల్-జెట్రోనిక్ గాలి ప్రవాహమునే నేరుగా కొలిచెను. కార్బ్యురేటరు చేయలేని పనికి దారి తెరచుకొనెను.

అయినను టర్బో కార్లు ఈ విద్యను వెంటనే అందుకొనలేదు. 1973లో జర్మనీయందు బయలుదేరిన బీఎండబ్ల్యూ 2002 టర్బో యాంత్రికమైన పంపుతోనే పెట్రోలు చిమ్మించుకొనెను. ఆ యేడే పశ్చిమాసియా యుద్ధముతో చమురు కరవు వచ్చిపడగా, 1,672 కార్లతో దాని కథ ముగిసెను. తరువాత స్వీడను దేశపు సాబ్ సంస్థ 1977లో 99 టర్బోను చూపెను. పొగ ఒత్తిడి మితిమీరినపుడు చక్రమును తప్పించి ప్రక్కదారిని పోవునట్లు దానికొక తలుపు పెట్టిరి. చెరువు నిండినపుడు కట్ట తెగకుండ అలుగు పారునట్లు ఇది ఇంజనును కాపాడును. గృహస్థులు నిత్యము వాడుకొను కారుకు టర్బో తగునని సాబ్ నిరూపించెను.

ఆ సంస్థయే మరియొక మెట్టు ఎక్కెను. 1982 నాటి కార్లలో ఇంజను దిమ్మెకు ఒక చెవిని బిగించిరి. అది చెవివంటి సెన్సారు. నాకింగు చప్పుడు పుట్టినంతనే విద్యుత్ సంజ్ఞ నిచ్చును. ఎలక్ట్రానిక్ పెట్టె దానిని విని అలుగు తెరచి ఒత్తిడి తగ్గించును. ఇట్లు మేలిరకము పెట్రోలు దొరికినచోట పూర్తి బలమును, నాసిరకము దొరికినచోట కొంత తక్కువ బలమును తనంత తానే చూచుకొనెడి కారు వచ్చెను.

అంతకు ముందే మరి రెండు మేలైన మార్పులు జరిగియుండెను. 1976లో బాష్ వారు వెలిపొగలో ఆక్సిజన్ మిగిలినదా లేదా యని పసికట్టు లాంబ్డా సెన్సారును వోల్వో కార్లలో ప్రవేశపెట్టిరి. కమ్మరి నిప్పు రంగును చూచునట్లే ఇది పొగను చూచి కొలత తప్పెనో లేదో చెప్పును. 1979లో వచ్చిన మోట్రోనిక్ పెట్టె పెట్రోలు కొలతను, నిప్పురవ్వ వేళను ఒకే కంప్యూటరు చేతిలో నుంచెను. కన్ను, చెవి, చేయి, మెదడు అన్నియు సమకూడెను.

ఈ విద్యకు గట్టి పరీక్ష పందెపు బాటలపై జరిగెను. ఫార్ములా వన్ పందెములకు 1977లో రెనో సంస్థ టర్బో కారును తెచ్చెను. కొలది యేండ్లలో అందరును టర్బోలనే పట్టిరి. పెట్రోలు విపరీతముగా వ్యయమయ్యెను. 1984లో పెద్దలు నియమము పెట్టిరి: పందెము మధ్య పెట్రోలు నింపరాదు; ఒక్కొక్క కారు 220 లీటర్లతోనే ముగింపవలెను. ఆ యేడు బాష్ వారి మోట్రోనిక్ కొలతతో నడచిన పోర్షే నిర్మిత ఇంజనుగల మెక్‌లారెన్ కార్లు పదునారు పందెములలో పండ్రెండు గెలిచెను. మరుసటి యేడు ఇటలీలోని ఇమోలా పందెములో ముందు నడచుచున్న సెన్నా కారు కొన్ని చుట్లు మిగిలియుండగనే పెట్రోలు లేక ఆగెను. వెంటనే ముందుకు వచ్చిన జొహాన్సన్ కారును అట్లే ఆగెను. 1986లో కొలతను 195 లీటర్లకు, 1988లో టర్బోలకు 150 లీటర్లకు తగ్గించిరి. బలమెంత యని కాక, బిందెలోనిది కడవరకు సరిపోవునట్లు ఎవడు కొలుచుకొనునని చూచు పందెములయ్యెను అవి.

ఇక నేటి కారులో ఆ కొలత యెట్లు జరుగునో చూతము. రెండు లీటర్ల ఇంజను నిమిషమునకు ఆరువేల చుట్లు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకొక పర్యాయము సిలిండర్లన్నియు నిండును. టర్బో లేనిచో నిమిషమునకు ఆరువేల లీటర్ల గాలి, అనగా సుమారు ఏడు కిలోలు, లోనికి పోవును. దానికి సుమారు అర కిలో పెట్రోలు కావలెను. టర్బో ఆ గాలిని రెట్టింపు చేసినచో పెట్రోలును సుమారు కిలో కావలెను. సిలిండరుకు ఒక పర్యాయము నకు దొరకు కాలము మాత్రము రెండు సందర్భములందును ఒక్కటే: సెకనులో ఏబదవ వంతు. ఆ రెప్పపాటులో ఇంజెక్టరు ఎంతసేపు తెరచియుండవలెనో లెక్క కట్టి, తెరచి, మూయవలెను.

లెక్కకు మూలము గాలి బరువు. కొన్ని కార్లలో వేడి తీగను గాలికి ఎదురుగా నుంతురు. గాలి బరువు హెచ్చినకొలది తీగ చల్లబడును, దానిని వేడిగా నిలుపుటకు కావలసిన విద్యుత్తే గాలి లెక్క. మరికొన్నిటిలో పీల్చు గొట్టపు ఒత్తిడిని, గాలి వేడిమిని, ఇంజను వేగమును తెలిసికొని గాలి బరువును గణింతురు. కరణము గారి అడంగలులో ప్రతి పొలమునకొక గడి యున్నట్లు, కంప్యూటరు జ్ఞప్తిలో ప్రతి వేగమునకు, ప్రతి ఒత్తిడికి ఒక్కొక్క గడి వ్రాసియుండును. గడిలోని అంకెను బట్టి పెట్రోలు నిచ్చి, పొగను పరీక్షించి, తప్పున్న సవరించుకొనును.

నిదానముగా పోవునపుడు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలనునదే నియమము. ఆ పొందికలోనే పొగను శుద్ధిచేయు పాత్ర చక్కగా పనిచేయును. టర్బో పూర్ణబలముతో ఊదునపుడు అనేక ఇంజనులు పన్నెండు పాళ్లకే ఒక పాలు పెట్రోలు నిచ్చును. ఆ యెక్కువ పెట్రోలు మండుటకు కాదు, చల్లబరచుటకు. మట్టికుండ నుండి చెమ్మ ఆవిరియై నీరు చల్లబడునట్లు పెట్రోలు ఆవిరియగుచు వేడిమిని పీల్చుకొని, నాకింగును అడ్డగించి, టర్బో చక్రమును కాపాడును. ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లార్చుటకు కారు ముందుభాగమున జల్లెడవంటి ఇంటర్‌కూలరు ఉండును. నేటి ఇంజనులలో పెక్కింటియందు పెట్రోలును పీల్చు గొట్టములో గాక నేరుగా సిలిండరులోనే చిమ్ముదురు. చల్లదనము అచ్చటనే పుట్టును.

ఈ యేర్పాటు ఎరిగినవారికి కారు జబ్బులు కొన్ని సులభముగా తెలియును. గాలిని కొలిచిన తరువాతి రబ్బరు గొట్టము చిరిగినదనుకొందము. కొలిచిన గాలిలో కొంత దారిలోనే పారిపోవును. కంప్యూటరు పూర్తి గాలికి పెట్రోలు పోయును. నల్లపొగ వచ్చును, బలము తగ్గును. సెన్సారు ఒకటి చెడిపోయినచో కంప్యూటరు ఊహ లెక్కకు దిగి, టర్బో ఒత్తిడిని తగ్గించి, కారు ఇల్లు చేరుమాత్రము నడచునట్లు చేయును. ఇంజను బొమ్మగల పసుపుపచ్చ దీపము అపుడు వెలుగును. ఆ దీపము హెచ్చరిక. దానిని నిర్లక్ష్యము చేయరాదు.

ఇంతటి కొలగాని నెంతవరకు నమ్మవచ్చును? దీనికి జవాబు 2015 సెప్టెంబరులో వచ్చెను. ఫోక్స్‌వాగెన్ సంస్థ టర్బో డీజిలు కార్ల కంప్యూటర్లలో కపటపు లెక్క నొకటి దాచెనని అమెరికా పర్యావరణ శాఖ ప్రకటించెను. పరీక్షాశాలలో నున్నపుడు కారు ఆ సంగతిని తానే పసికట్టి, శాసనము ననుసరించి పొగను శుద్ధిచేసికొనును. బాటపైకి వచ్చినంతనే ఆ శ్రద్ధను విడిచిపెట్టును. కొన్ని కార్లలో నైట్రోజన్ ఆక్సైడులు అనుమతించిన దానికి నలువది రెట్ల వరకు వెలువడెను. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కార్లను శాలలో గాక బాటపై నడిపి కొలిచినందువలననే ఈ మోసమునకు తీగ దొరికెను. లోకమంతట కోటి పదిలక్షల కార్లలో ఆ లెక్క యున్నదని సంస్థయే ఒప్పుకొనెను. 2017లో అమెరికా న్యాయస్థానములో నేరము నంగీకరించెను.

ఇందు యంత్రము తప్పేమియు లేదు. దానికి వ్రాసియిచ్చిన గడులలో నున్నట్లే అది నడచెను. ధాన్యము కొలుచువాడు అధికారి యెదుట నిండు కుంచము, రైతు ఎదుట చేయి అడ్డుపెట్టిన కుంచము కొలిచినట్లయ్యెను. కుంచము నిందింప పని లేదు. కొలిచిన చేతిని పట్టవలెను.

ఈ కథ మనకు దూరపుది కాదు. 2019లో అనంతపురము జిల్లా పెనుకొండ చెంత కియా కర్మాగారమునుండి సెల్టోస్ కార్లు బయటికి వచ్చెను. ఆ ప్రాంత మిపుడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. ఒకనాడు విజయనగర ప్రభువులకు రాజధానియైన ఆ కోట నీడలో తయారైన కార్లలో టర్బో లేని ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజను సుమారు 115 అశ్వబలము నిచ్చెను, టర్బోగల 1.4 లీటర్ల చిన్న ఇంజను సుమారు 140 ఇచ్చెను. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట క్రొత్త కార్లకు భారత్ స్టేజి 6 అను పొగ నియమము అమలులోనికి వచ్చెను. 2023 ఏప్రిలు నుండి కార్ల పొగను పరీక్షాశాలలోనే గాక బాటపైనను కొలువవలెనను నిబంధన చేరెను. పై మోసమునుండి లోకము నేర్చుకొన్న పాఠ మదియే.

గాలి హెచ్చినపుడు ఇంధనము హెచ్చవలెను. ఇంధనము హెచ్చినపుడు కొలత నిక్కచ్చి కావలెను. కొలత యంత్రము చేతికి పోయినపుడు ఆ యంత్రమునకు లెక్క వ్రాయువానిపై కన్ను వేయవలెను. ఊరి చెరువు తూమును తెరచువానిని, పంట కొలుచువానిని కనిపెట్టియుండుట మీకు క్రొత్తకాదు. మీ యింట కారు కొనెడి కుర్రవాండ్రు బలమెంత, పరుగెంత యని అడుగుదురు. కొలత సరిగా నున్నదా యని అడుగవలసినవారు మీరు.